తమ్ముడికి కిడ్నీ ఇచ్చాను, లెక్క మాత్రం సగం కాలేదు

నాది లెక్కలు చూసే ఉద్యోగం. జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క, చివర్లో రెండూ కలవాలి. అందుకే తమ్ముడికి కిడ్నీ ఇస్తానని ఇంట్లో చెప్పిన రోజు అందరూ ఏడుస్తుంటే నా బుర్రలో భాగహారం నడుస్తోంది. రెండున్నాయి, ఒకటి ఇస్తే ఒకటి. అంటే సగం. సగంతో ఎన్నాళ్లు నడుస్తుంది?

ఇదే ప్రశ్న కిడ్నీ డాక్టరుగారిని అడిగాను. "సగం అని ఎవరు చెప్పారమ్మా?" అన్నారాయన. అంతే, ఇంకేమీ చెప్పలేదు. ఒక ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాన్ చేతికిచ్చి, రేపు పొద్దున్నుంచి ఎల్లుండి పొద్దునదాకా వచ్చే యూరిన్ మొత్తం ఇందులో పట్టుకురండి అన్నారు. ప్రశ్న అడిగితే క్యాన్ ఇచ్చారేమిటని బయటికొచ్చి విసుక్కున్నాను. నా ప్రశ్నకి జవాబు ఆ క్యాన్‌లోనే ఉందని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది.

అప్పటికి తమ్ముడు పది నెలలుగా డయాలసిస్ మీద ఉన్నాడు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. వారానికి 168 గంటలైతే అందులో మెషీన్ పనిచేసేది 12. మిగతా 156 గంటలూ నీరు, పొటాషియం, యూరియా ఒంట్లో పోగవుతూనే ఉంటాయి. అందుకే వాడికి తాగే నీళ్లకి కూడా కొలత. యూరిన్ దాదాపు ఆగిపోయింది, రోజు మొత్తానికి అరగ్లాసు వస్తే ఎక్కువ. "ఒక పని తగ్గిందిలే అక్కా, బాత్రూమ్ కోసం లేవక్కర్లేదు" అని నవ్వేవాడు. ఆ నవ్వులాట తర్వాత వాడికే ఎదురుతిరిగింది, అక్కడికి వస్తాను.

బ్లడ్ గ్రూపు కలిసింది. హెచ్‌ఎల్‌ఏ అనే కణాల మీది గుర్తులు సగం కలిశాయి. క్రాస్‌మ్యాచ్ నెగటివ్ వచ్చింది, అంటే వాడి రక్తంలో నా కణాల మీద దాడి చేసే యాంటీబాడీలు లేవని. నెగటివ్ అన్న మాట విని సంతోషించడం కొత్తగా నేర్చుకున్నాను.

ఇక ఆ క్యాన్ సంగతి. నియమం ఏమిటంటే, పొద్దున్న ఏడింటికి వచ్చిన మొదటిది పారబోయాలి. అక్కణ్నుంచి మర్నాడు ఏడింటిదాకా వచ్చినదంతా, ఆ మర్నాటి ఏడింటిదానితో సహా, క్యాన్‌లోకి వెళ్లాలి. నేను మొదటిది కూడా పట్టేశాను. అన్నీ పట్టమన్నారు కదా, ఒకటి పారబోస్తే తక్కువొస్తుందేమో అని. మధ్యాహ్నం కాగితం ఇంకోసారి చదువుకుంటే అర్థమైంది. పొద్దున్న లేవగానే వచ్చేది రాత్రంతా తయారై బ్లాడర్‌లో నిల్వ ఉన్నది. అది నిన్నటి సరుకు. ఓపెనింగ్ బ్యాలెన్స్ సున్నా చేయకుండా ఖాతా మొదలుపెట్టాను! నా వృత్తిలో ఉన్నవాళ్లు చేయకూడని తప్పు. క్యాన్ కడిగి ఆరబెట్టి మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను. ఆఫీసుకి సెలవు పెట్టాల్సొచ్చింది, ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలీక "టెస్టు" అన్నాను.

ఫలితం వచ్చాక డాక్టరుగారు కాగితం నా వైపు తిప్పి, మీరే లెక్క వేయండి అన్నారు. యూరిన్ 1.8 లీటర్లు. అందులో క్రియాటినిన్ మొత్తం 1,150 మిల్లీగ్రాములు. రక్తంలో క్రియాటినిన్ డెసిలీటరుకి 0.8, అంటే లీటరుకి 8 మిల్లీగ్రాములు.

క్రియాటినిన్ అంటే కండరాలు పనిచేసేటప్పుడు మిగిలే వ్యర్థం. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తయారవుతుంది, కిడ్నీ దాన్ని వడకట్టి వదిలేస్తుంది, వెనక్కి తీసుకోదు. లీటరు ప్లాస్మాలో 8 మిల్లీగ్రాములే ఉన్నప్పుడు క్యాన్‌లోకి 1,150 మిల్లీగ్రాములు చేరాలంటే ఎన్ని లీటర్లు వడపోత కావాలి? 1,150ని 8తో భాగిస్తే 144 దగ్గర. రోజుకి 144 లీటర్లు. నిమిషానికి 100 మిల్లీలీటర్లు.

నాకు నమ్మకం కలగక మళ్లీ వేశాను. నా బరువు 60 కిలోలు. నా ఒంట్లో రక్తమంతా కలిపి నాలుగు లీటర్లకి అటూఇటూ, అందులో కణాలు పోను ప్లాస్మా రెండున్నర లీటర్లు. ఆ రెండున్నర లీటర్లే ఒక్కరోజులో యాభై ఏడు సార్లు వడపోతకి వెళ్లి వచ్చాయన్నమాట. బయటికి వచ్చింది 1.8 లీటర్లు, అంటే నూటికి 1.25. మిగిలిన 142 లీటర్లూ తిరిగి రక్తంలోకే వెళ్లిపోయాయి.

స్కూల్లో ఈ బొమ్మ నేనూ వేశాను. చిక్కుడు గింజల్లా రెండు కిడ్నీలు, రెండు గొట్టాలు, కింద సంచి. రక్తకేశనాళికాగుచ్ఛం అన్న మాట తప్పులేకుండా రాస్తే మార్కులు వచ్చేవి, దాని అర్థం ఎవరూ అడగలేదు. సన్నటి రక్తనాళాలు ఉండలా చుట్టుకున్న ముడి అది. ఆ ముడిని కప్పుతూ భౌమన్ గుళిక. రక్తపోటు తోపుడుకి నీరు, ఉప్పు, చక్కెర, యూరియా అన్నీ గుళికలోకి దిగుతాయి. రక్తకణాలూ పెద్ద ప్రోటీన్లూ ముడిలోనే ఉండిపోతాయి. అక్కణ్నుంచి ఒక పొడవాటి మెలికల గొట్టం. దాని మొదటి భాగంలోనే నీటిలోనూ ఉప్పులోనూ దాదాపు మూడింట రెండు వంతులు, చక్కెర మొత్తం వెనక్కి వెళ్లిపోతాయి. తర్వాత గొట్టం వంకీ తిరిగే చోటు, హెన్లీ శిక్యం, కిడ్నీ లోపలి పొరని బాగా ఉప్పగా ఉంచుతుంది. చివరి గొట్టాలు ఆ ఉప్పటి పొరలోంచే పోతాయి కాబట్టి, మెదడు నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ వచ్చినప్పుడు మిగిలిన నీరు కూడా బయటికి లాగబడి యూరిన్ చిక్కబడుతుంది. రక్తం కంటే నాలుగు రెట్లదాకా చిక్కబడగలదట. ఇదంతా కలిపి ఒక నెఫ్రాన్. ఒక్కో కిడ్నీలో ఇలాంటివి సుమారు పది లక్షలు, మనిషిని బట్టి సంఖ్య చాలా మారుతుంది.

ఇది శుద్ధ దండగ పనిగా అనిపించింది నాకు. చెత్త మాత్రం ఏరి పారేయకుండా, బీరువాలో ఉన్నదంతా నడి గదిలో కుప్పపోసి, కావలసినవన్నీ మళ్లీ సర్దుకోవడం ఏమిటి? ఆ మాటే అడిగాను. డాక్టరుగారు, "చెత్త ఏరాలంటే ఏవేవి చెత్తో జాబితా ఉండాలి కదమ్మా. రేపు మీరు ఎప్పుడూ తినని మందేదో మింగారు, అది జాబితాలో ఉండదు. కిడ్నీకి ఆ బాధ లేదు. ఏవి ఉంచుకోవాలో తెలుసు, మిగతావి ఏవైనా వాటంతట అవే పోతాయి" అన్నారు. ఆడిట్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నాను, ఇంత మంచి పద్ధతి ఎక్కడా చూడలేదు.

క్రియాటినిన్ లెక్కలో ఒక చిన్న లొసుగుంది. గొట్టాలు కూడా కొంచెం క్రియాటినిన్‌ని రక్తంలోంచి లాగి యూరిన్‌లోకి వదులుతాయి కాబట్టి అసలు కన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. పైగా రెండు కిడ్నీల్లో ఏది ఎంత చేస్తోందో అది చెప్పదు. దానికి డీటీపీఏ స్కాన్. టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు కొంచెం నరానికి ఎక్కిస్తారు, ఆరు గంటలకి దాని బలం సగమవుతుంది. వెల్లకిలా పడుకుంటే కింద కెమెరా ఉంటుంది. స్క్రీన్ మీద రెండు గీతలు లేచాయి, ఒక ఎత్తుకి వెళ్లి మెల్లగా దిగాయి. లేవడం అంటే మందు కిడ్నీలోకి రావడం, దిగడం అంటే అది యూరిన్‌తో కిందికి జారిపోవడం. నాది మొత్తం 98. కుడిది 52 శాతం, ఎడమది 48. క్యాన్ చెప్పిన 100కి, స్కాన్ చెప్పిన 98కి పెద్ద తేడా లేదు. రెండు వేరువేరు పుస్తకాలు ఇంత దగ్గరగా కలవడం నా ఉద్యోగంలో పండగ లాంటిది.

రెండింటిలో కాస్త మంచిది ఇచ్చేవాళ్ల దగ్గరే ఉంచాలన్నది నియమం. కుడిది ఉంచి ఎడమది తీస్తారని అప్పుడే అనుకున్నాను. రక్తనాళాలు చూపే సీటీ యాంజియో స్కాన్ కూడా అదే చెప్పింది, వేరే కారణాలతో. రక్తాన్ని గుండెకి తీసుకెళ్లే పెద్ద సిర వెన్నెముకకి కుడి పక్కగా పోతుంది. అందువల్ల ఎడమ కిడ్నీ సిర ధమనిని దాటి అంత దూరం వెళ్లాలి, కుడిదాని కన్నా బాగా పొడుగు. కోసి ఇంకొకరికి కుట్టేటప్పుడు పొడుగున్నది సర్జన్‌కి వరం. నా కుడి కిడ్నీకి మరో చిక్కు కూడా ఉంది, దానికి రెండు ధమనులు. భయపడ్డాను. సుమారు నలుగురిలో ఒకరికి ఇలా ఉంటుందన్నారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు కిడ్నీలు పుట్టేది కటి భాగంలోనట. అక్కణ్నుంచి పైకి పాకుతూ వస్తాయి. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ పై నుంచి కొత్త ధమని పట్టుకుని కింద ఉన్న పాతది వదిలేస్తాయి. కొందరిలో పాతది ఒకటి వదలకుండా ఉండిపోతుంది. నా కుడి కిడ్నీ అలాంటి మొండిది.

ఈ పరీక్షల మధ్యలో ఒకరోజు నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడారు. ఎవరైనా ఒత్తిడి పెట్టారా, భయం ఉందా అని. ఆపరేషన్ గది దాకా వచ్చాక వద్దనుకున్నా ఫర్వాలేదు, వైద్య కారణాల వల్ల కుదరలేదని మేమే చెప్తాం అన్నారు. నేను ఒప్పుకునే ఉన్నాను. అయినా ఆ మాట విన్నాక ఊపిరి తేలిగ్గా ఆడింది.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా లేదు, నేను నిద్రలో ఉన్నాను. ముందు రాత్రంతా సెలైన్లు ఎక్కించారు, తీసే సమయానికి కిడ్నీ నిండుగా యూరిన్ కారుస్తూ ఉండాలని. పొట్టలోకి గ్యాస్ నింపి, నాలుగు చిన్న రంధ్రాల్లోంచి పనిముట్లు పంపి, చివరికి పొత్తికడుపు కింద అడ్డంగా చేసిన గాటులోంచి కిడ్నీని బయటికి తీశారు. లేచాక పొట్టకన్నా కుడి భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. ఆపరేషన్ ఒక చోట, నొప్పి ఇంకో చోటా అని కంగారుపడితే నర్సు నవ్వింది. మిగిలిన గ్యాస్ ఊపిరితిత్తుల కింద ఉండే పొరని చిరాకు పెడుతుంది, ఆ పొర నరం మెడ దగ్గర పుడుతుంది, మెదడు దాన్ని భుజం నొప్పి అనుకుంటుంది. రెండు రోజుల్లో పోయింది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది మర్నాడు. పొద్దున్నే క్యాథెటర్, అంటే యూరిన్ ట్యూబు, తీశారు. దాని కొసన చిన్న బెలూన్ ఉంటుంది, అందులో 10 మిల్లీలీటర్ల నీళ్లు నింపితే బ్లాడర్‌లోంచి జారకుండా ఉంటుంది. సిరంజితో ఆ నీళ్లు లాగేసి ట్యూబు తీసేశారు. ఆరు గంటల్లోపు యూరిన్‌కి వెళ్లాలి, లేకపోతే మళ్లీ ట్యూబు వేయాలి అని చెప్పి వెళ్లారు.

రాలేదు. రెండు గంటలు, మూడు గంటలు. కడుపు కింద బరువుగా ఉంది, వెళ్లి కూర్చుంటే చుక్క లేదు. ముక్కితే కుట్లు లాగుతున్నాయి. ఒక కిడ్నీ తీసేశారు, రెండోది పనిచేయడం మానేసిందా అని టెన్షన్ పట్టుకుంది. నర్సు బ్లాడర్ మీద స్కానర్ ఆనించి చూసి "380 ఉంది మేడమ్" అంది. అంటే కిడ్నీ తన పని చేస్తోంది, సరుకు కింద గోదాములో ఉంది, తలుపే తెరుచుకోవడం లేదు.

నలభై నాలుగేళ్లుగా రోజూ చేస్తున్న పనిలో నా వాటా ఎంతో ఆ ఉదయం తెలిసింది. బ్లాడర్ గోడ కండరమే. నిండుతున్నప్పుడు అది సాగుతుంది, లోపలి ఒత్తిడి మాత్రం పెద్దగా పెరగదు. అందుకే 150, 200 మిల్లీలీటర్ల దాకా మనకి తెలీను కూడా తెలీదు. సాగుడు ఇంకా పెరిగాక వెన్నుపాము ద్వారా మెదడుకి కబురు వెళ్తుంది. పెద్దవాళ్లలో 400, 500 దాకా పడుతుంది. వదలాలంటే రెండు జరగాలి, గోడ ముడుచుకోవాలి, కింద బిగించి పట్టుకున్న కండరం వదులవ్వాలి. ఈ రెండోదే మన చేతిలో ఉంది. మొదటిది లేదు. మెదడు కాండంలో ఉన్న ఒక కేంద్రం సరే అంటేనే గోడ ముడుచుకుంటుంది. మనం చేయగలిగింది అడ్డు తీసి ఆగడం. మత్తు మందూ నొప్పి మందులూ ఆ కేంద్రానికీ బ్లాడర్‌కీ మధ్య కబుర్లని మందగింపజేస్తాయి. నేనేమో భయంతో అడ్డుగా ఉన్న కండరాన్ని ఇంకా బిగించేసి, పైనుంచి ముక్కుతున్నాను. తాళం వేసి తలుపు తోస్తున్నట్టు.

నర్సు వరండాలో రెండుసార్లు నడిపించింది. తర్వాత కొళాయి సన్నగా తిప్పి, "దాని గురించి ఆలోచించకండి, ఇంకేదైనా ఆలోచించండి" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. నేను ఎక్కాలు చదువుకున్నాను. పదిహేడో ఎక్కం మధ్యలో వచ్చింది. కొలిస్తే 420. చార్టులో ఆ అంకె రాస్తుంటే నర్సు కన్నా నేనే ఎక్కువ సంతోషపడ్డాను.

అవతలి గదిలో తమ్ముడిది పూర్తిగా వేరే కథ. నా కిడ్నీని వాడి నడుము దగ్గర పెట్టలేదు, కుడివైపు పొత్తికడుపులో పెట్టారు. కాలికి వెళ్లే పెద్ద ధమనికీ సిరకీ కలిపారు. అక్కడైతే చర్మం కింద దగ్గరగా ఉంటుంది, బ్లాడర్ కూడా పక్కనే. మూత్రనాళాన్ని పొడుగ్గా ఉంచుకోకపోవడానికి కూడా కారణం ఉంది. దాని పై భాగానికి రక్తం కిడ్నీ ధమని నుంచి వస్తుంది, కింది భాగానికి కటిలోని నాళాల నుంచి. నా ఒంట్లోంచి తీశాక కింది సరఫరా తెగిపోయినట్టే కాబట్టి పొట్టిగా ఉంచితేనే అది ఆరోగ్యంగా ఉంటుంది. వాడి పాత కిడ్నీలని తీయలేదు. మామూలుగా తీయరట, ఇన్‌ఫెక్షన్ లాంటి ఇబ్బంది ఉంటే తప్ప. మా ఇద్దరికీ కలిపి నాలుగు కిడ్నీలు, వాడి దగ్గర మూడు, నా దగ్గర ఒకటి, పనిచేసేవి రెండు. ఈ లెక్క ఎవరికి చెప్పినా ఒకసారి ఆగి వేళ్లు మడుస్తారు.

కడుపులో ఉన్నప్పుడు కటిలో పుట్టి పైకి పాకిందని చెప్పాను కదా. నలభై నాలుగేళ్ల తర్వాత నా ఎడమ కిడ్నీ మళ్లీ కటి దగ్గరికే చేరింది, ఇంకొకరి ఒంట్లో.

బిగింపులు వదిలి రక్తం లోపలికి రానివ్వగానే తెల్లగా పాలిపోయి ఉన్న కిడ్నీ గులాబీ రంగుకి తిరిగిందని, కాసేపట్లోనే నాళం కొస నుంచి యూరిన్ చుక్కలు రాలాయని సర్జన్ చెప్పారు. దానికి ఇప్పుడు నరాలు లేవు. నావి తెగాయి, వాడివి కలపలేదు, కలపరు కూడా. అయినా పనిచేస్తుంది. రక్తపోటు పెరిగితే లోపలికొచ్చే సన్ననాళం తనే బిగుసుకుంటుంది, తగ్గితే తనే వదులవుతుంది. గొట్టం చివర్లో ఉప్పు ఎంత వస్తోందో చూసి మొదట్లో వడపోతని సరిచేసే ఏర్పాటు కూడా కిడ్నీలోనే ఉంది. పై అధికారి లేకపోయినా నడిచే ఆఫీసు.

మొదటి 24 గంటల్లో వాడికి ఎనిమిది లీటర్లు వచ్చింది. పది నెలలుగా ఒంట్లో పేరుకున్న యూరియా, ఉప్పు తమతో నీటిని లాక్కుపోతాయి, కొత్త కిడ్నీ గొట్టాలు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. ఎంత పోతోందో గంటగంటకీ కొలిచి ఆ మేరకి సెలైన్ ఎక్కించారు. నీళ్లకి మొహం వాచిపోయినవాడికి "తాగండి, ఇంకా తాగండి" అని నర్సులు వెంటపడటం చూసి మా అమ్మ పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది. వాడి క్రియాటినిన్ 9.2 నుంచి వారంలో 1.4కి దిగింది.

ఐదో రోజు క్యాథెటర్ తీశారు. అప్పుడు మొదలైంది అసలు పాట్లు. పది నెలలు పని లేకపోవడంతో వాడి బ్లాడర్ ముడుచుకుపోయింది. 80 మిల్లీలీటర్లకే నిండిపోయేది. పైన కిడ్నీ నిమిషానికి రెండు మూడు మిల్లీలీటర్లు పంపుతోంది, కింద అరగంటకే గోదాము నిండిపోతోంది. రాత్రి పన్నెండు సార్లు లేచాడు. బాత్రూమ్ కోసం లేవక్కర్లేదని నవ్వినవాడు, "అక్కా, నీ కిడ్నీకి నిద్ర లేదు, నాకూ లేకుండా చేసింది" అని తెల్లవారుజామున ఫోన్ చేశాడు. నాళం కలిపిన చోట అతుక్కునేదాకా స్టెంట్ అనే ఒక మెత్తటి సన్న గొట్టం పెట్టారు, అదీ లోపల గీరుకుంటూ ఆత్రం పెంచేది. కొన్ని వారాల తర్వాత దాన్ని తీసేశాక కొంచెం ఊరట.

బ్లాడర్ సాగుతుందని, రోజూ కాస్తకాస్త ఎక్కువసేపు ఆపుకోవడం నేర్చుకోవాలని డాక్టర్లు చెప్పారు. ఒక్కోసారి ఎంత వచ్చిందో కొలిచి రాయమన్నారు. వాడికి రాసుకునే అలవాటు లేదు. నాకు మెసేజ్ పంపేవాడు, నేను షీట్‌లో ఎక్కించేదాన్ని. 90. 85. 110. 70. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్ వెలిగి "120!!" అని కనిపించేది. పక్కన కూర్చున్నావిడ షేర్ల ధర అనుకుని ఏ కంపెనీ అని అడిగింది కూడా.

ఇంకో సంగతి నేను ముందుగా ఊహించనిది. మూడు నెలల్లో వాడి హిమోగ్లోబిన్ 8.6 నుంచి 12.8కి వచ్చింది. ఎముక మజ్జకి ఎర్రకణాలు తయారుచేయమని చెప్పే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ ఎక్కువగా కిడ్నీలోనే పుడుతుంది. డయాలసిస్ మెషీన్ నీళ్లు తీయగలదు, యూరియా తీయగలదు, ఇది మాత్రం చేయలేదు. అందుకే అంతకుముందు వాడికి ఆ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు.

నా లెక్కకి వస్తాను. ఆపరేషన్ మర్నాడు నా క్రియాటినిన్ 1.3. 0.8 ఉండేది. అర్ధరాత్రి అది చూసి నిద్ర పట్టలేదు. డాక్టరుగారు మాత్రం ఆర్నెల్లు ఆగమన్నారు. ఆర్నెల్లయ్యాక మళ్లీ అదే క్యాన్ ఇచ్చారు. ఈసారి మొదటిది పారబోశాను. మొత్తం క్రియాటినిన్ 1,130 మిల్లీగ్రాములు, రక్తంలో 1.1, అంటే లీటరుకి 11. భాగిస్తే 103 లీటర్లు దగ్గర. నిమిషానికి 71.

ముందు 144. సగమైతే 72 ఉండాలి. ఉన్నది 103.

కొత్త నెఫ్రాన్లు పుట్టలేదు, పుట్టవు. మనం పుట్టకముందే వాటి తయారీ ఆగిపోతుంది. ఉన్నవే పెద్దవయ్యాయి. ముడిలోకి రక్తం తెచ్చే సన్ననాళాలు వెడల్పయ్యాయి, ఎక్కువ రక్తం వచ్చింది, ఒక్కో నెఫ్రాన్ మునుపటి కన్నా నూటికి నలభై దాకా ఎక్కువ వడకడుతోంది. ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే ఇది మొదలవుతుందట. మామూలు రోజుల్లో కిడ్నీ తన శక్తి అంతా వాడదు, రిజర్వు ఉంచుకుంటుంది. నేను ఇచ్చింది సగమే, నాకు పోయింది మాత్రం నూటికి ముప్పై లోపు. "సగం అని ఎవరు చెప్పారమ్మా" అన్న మాటకి అర్థం అది.

రిజర్వు తీసి వాడుకుంటున్నాను కాబట్టి జాగ్రత్తలున్నాయి. బీపీ చూసుకోవాలి, ఏడాదికోసారి యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష. ఒళ్లు నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి మాత్రలు వద్దన్నారు. లోపలికొచ్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లని అవి తగ్గిస్తాయి. నా కిడ్నీ ఇప్పుడు ఆ నాళం వెడల్పు మీదే బతుకుతోంది.

కోపం వచ్చేది ఒక్క ల్యాబుల మీదే. పోయినసారి రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (రక్తంలోని క్రియాటినిన్‌ని బట్టి వేసే వడపోత అంచనా) 63 అని, పక్కన ఎర్ర అక్షరాల్లో 'తక్కువ' అని వచ్చింది. ఆ ల్యాబు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసి, మేడమ్ మీ కిడ్నీలు సరిగ్గా పనిచేయడం లేదు, వెంటనే డాక్టర్‌ని కలవండి అన్నాడు. కిడ్నీలు కాదు బాబూ, కిడ్నీ, ఒకటే ఉంది అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అయితే చాలా బాగుంది మేడమ్" అన్నాడు.

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో రోనాల్డ్ హెరిక్ అనే ఆయన తన కవల సోదరుడికి కిడ్నీ ఇచ్చారు, విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి అదే. ఆపరేషన్ చేసిన జోసెఫ్ మర్రేకి 1990లో నోబెల్ వచ్చింది. కిడ్నీ ఇచ్చిన హెరిక్ 2010 దాకా ఉన్నారు, అంటే ఒక్క కిడ్నీతో 56 ఏళ్లు. ఇది తమ్ముడు ఎక్కడో చదివి పంపాడు. నా గురించి బెంగ పెట్టుకున్నది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది.

వాడి షీట్ ఇంకా నా దగ్గరే ఉంది. రెండో నెలలో 200 దాటింది, మధ్యలో ఇన్‌ఫెక్షన్ వచ్చి మళ్లీ 140కి పడిపోయింది, నాలుగో నెలకి కోలుకుంది. ఇప్పుడు రాత్రికి ఒక్కసారే లేస్తున్నాడు. మొన్న రెండున్నరకి ఫోన్ టింగుమంది. తీసి చూస్తే "380". ఆపరేషన్ మర్నాడు నా బ్లాడర్‌లో నర్సు చూసిన అంకె అదే. వాడికా సంగతి తెలీదు. షీట్‌లో ఎక్కించి, పడుకోరా అని పంపాను.